ఒండ్రుమట్టి దాచిన ప్రపంచం

పిల్లలూ, ఈసారి కృష్ణకు వరద వచ్చినప్పుడు ఒక చిన్న పని చేసి చూడండి. మీరు ఒడ్డుకు వెళ్ళవద్దు. పెద్దవాళ్ళ చేత ఒక గాజుగ్లాసు నిండా వరదనీరు తెప్పించండి. ఆ నీరు చిక్కటి టీ రంగులో ఉంటుంది. గ్లాసును కదపకుండా ఒక మూల పెట్టి, మర్నాడు పొద్దున చూడండి. పైన నీరు తేరుకుని ఉంటుంది. అడుగున మట్టి పేరుకుని ఉంటుంది. ఆ మట్టిని జాగ్రత్తగా చూస్తే కింది భాగం బరకగానూ, పై భాగం మెత్తగానూ ఉన్నట్టు తెలుస్తుంది. బరువైన ఇసుక రేణువులు ముందు దిగుతాయి, తేలికైన బంకమన్ను తరవాత నెమ్మదిగా దిగుతుంది. ఇదే ఒండ్రు.

గ్లాసులో పేరుకున్నది గోరంత మందమే. మరి నది మొత్తం ఎంత మట్టి మోస్తుందో ఊహించండి! 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో ప్రకాశం బరాజి గుండా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఆ రోజుల్లోనే బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్ మొదలైన పేటలను ముంచేసింది. నీరు తీసిన తరవాత ఇళ్ళలో మిగిలింది బురద. దాన్ని పారలతో ఎత్తిపోసిన వాళ్ళు ఇది చదివేవాళ్ళలో ఉండే ఉంటారు. ఆ బురదను అప్పుడు అందరూ తిట్టుకున్నారు. తిట్టుకోవడంలో తప్పు లేదు. కాని బురదకు మరొక గుణం కూడా ఉన్నది. తాను కప్పిన దాన్ని అది కోట్ల సంవత్సరాలు దాచి ఉంచగలదు.

ఎలాగో చెప్పుకుందాం.

కాలవగట్టున ఒక గేదె చచ్చిపడింది అనుకోండి. కాకులూ, కుక్కలూ, గద్దలూ వచ్చి మాంసం తినేస్తాయి. ఎముకలు ఎండకు ఎండి, వానకు తడిసి, పగిలి పొడి అయిపోతాయి. కొన్నేళ్ళు పోయాక అక్కడ గేదె ఉండేదని చెప్పడానికి ఆనవాలు కూడా మిగలదు. కాని అది చచ్చిన కొద్ది రోజులకే వరద వచ్చి, దానిమీద మూరెడు మందాన ఒండ్రు కప్పేసిందనుకోండి. అప్పుడు కుక్కలకు అందదు, ఎండ తగలదు, గాలి కూడా సరిగా చొరదు. మరుసటి వరదకు దానిమీద ఇంకొక పొర పడుతుంది. పొరమీద పొర పడినకొద్దీ కిందిమట్టి బరువుకు అణిగి గట్టిపడుతుంది. ఆ మట్టిలో ఊరే నీటిలో సున్నమూ, సిలికా మొదలైన ఖనిజాలు కరిగి ఉంటాయి. అవి రేణువుల మధ్య చేరి, సిమెంటులాగా వాటిని అతికిస్తాయి. ఇసుక ఇసుకరాయి అవుతుంది. బంకమన్ను రేకులు రేకులుగా విడిపోయే మట్టిరాయి అవుతుంది. దీన్ని షేల్ అంటారు. ఎముకలోని సన్నటి రంధ్రాలలో కూడా ఆ ఖనిజాలు నిండి, ఎముక రాయిలాగా బరువెక్కుతుంది. దాని పేరే శిలాజం.

పాత పేపర్లు దొంతరగా పెట్టిన ఇంట్లో అన్నిటికన్న కిందిది అన్నిటికన్న పాత పేపరు. రాతిపొరలూ అంతే. కింది పొర పాతది, పై పొర కొత్తది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు, కొండచరియను పుస్తకంలాగా చదవవచ్చు.

అయితే, విజయవాడలో కొండలకు కొదవ లేదు కదా! ఇంద్రకీలాద్రి ఉన్నది, మొగల్రాజపురం కొండ ఉన్నది, గుణదల కొండ ఉన్నది. వాటిలో శిలాజాలు దొరకవా?

దొరకవు. ఈ కొండలలోని ముఖ్యమైన రాయిని శాస్త్రజ్ఞులు ఖోండలైట్ అంటారు. ఒరిస్సా కొండల్లో ఉండే ఖోండు జాతివారి పేరు మీద ఆ పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, ఈ రాయి కూడా మొదట మట్టే! కాని ఆ మట్టి భూమి లోపలికి చాలా లోతుకు పోయి, అక్కడి వేడికీ ఒత్తిడికీ మగ్గి, రూపమే మారిపోయింది. అచ్చు తీసిన పచ్చి ఇటుకలో ఒక ఆకును పెట్టి ఆవంలో కాల్చారనుకోండి. ఇటుక మిగులుతుంది గాని ఆకు మిగలదు. ఇదీ అంతే. పైగా ఈ కొండరాళ్ళ వయసు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఆ కాలానికి భూమిమీద ఎముకలు గల జంతువు ఒక్కటి కూడా పుట్టలేదు. మీరు ఈసారి కొండ దగ్గరికి వెళ్ళినప్పుడు రాతిలో ఎర్రని చిన్న చిన్న గింజలు కనిపిస్తాయేమో చూడండి. వాటిని గార్నెట్లు అంటారు. మట్టి అంతగా ఉడికిందనడానికి అవే సాక్ష్యం.

కృష్ణా డెల్టాలో శిలాజాలు ఎందుకు కనపడవంటే, దానికి కారణం సరిగ్గా దీనికి వ్యతిరేకం. కొండరాయి మరీ పాతది, డెల్టా మరీ కొత్తది. దివిసీమలో బావి తవ్వితే ఇసుకా, బంకమన్నూ, అక్కడక్కడ ఆలిచిప్పలూ వస్తాయే గాని రాయి తగలదు. అక్కడ పొరలు ఇంకా మట్టిగానే ఉన్నాయి. రాయి కావడానికి వాటికి ఇంకా కాలం పడుతుంది.

అంటే మనకు కావలసినది ఈ రెంటికీ నడిమి వయసు గల నేల. అది విజయవాడకు దూరాన లేదు. ఈశాన్యంగా నూజివీడు వైపు బయలుదేరితే, పల్లపు పొలాలు వెనకబడి మెట్టసీమ మొదలవుతుంది. నూజివీడు దగ్గర గొల్లపల్లి అనే ఊరు ఉన్నది. ఇంకా ముందుకు, ఏలూరుకు ఎగువనున్న మెట్టలో రాఘవాపురం ఉన్నది. భీమడోలు నుంచి లోపలికి వెళితే ద్వారకా తిరుమల, అంటే మన చిన్న తిరుపతి వస్తుంది. వెంకటేశ్వరస్వామి దర్శనానికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు.

ఈ మూడు పేర్లూ భూగర్భశాస్త్ర గ్రంథాలకు ఎక్కాయి. భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన విలియం కింగ్ అనే ఆయన పందొమ్మిదో శతాబ్దంలో ఈ మెట్టలన్నీ తిరిగి, రాతిపొరలను పరీక్షించి, 1880లో ఒక పెద్ద నివేదిక ప్రచురించాడు. కింద ఉన్న పొరలు గొల్లపల్లి ఇసుకరాళ్ళు. వాటిపైన రాఘవాపురం షేళ్ళు. అన్నిటికన్న పైన తిరుపతి ఇసుకరాళ్ళు. ఈ తిరుపతి ఏడుకొండల తిరుపతి కాదు, చిన్న తిరుపతి!

ఈ పొరలలో ఏమున్నది? గొల్లపల్లి రాళ్ళలో ఇసుకా, గులకరాళ్ళూ కలిసి ఉన్నాయి. గులకరాయి నున్నగా ఉన్నదంటే అది ఏటిలో దొర్లిందన్న మాట. అంటే ఒకప్పుడు ఇక్కడ ఏళ్ళు పారేవి. ఆ ఏళ్ళ ఒడ్డున పెరిగిన చెట్ల ఆకుల అచ్చులు కూడా రాళ్ళలో ఉన్నాయి. వాటిలో పేరుపడ్డది టిలోఫిల్లం. దాని ఆకు చూడటానికి చిన్న ఈతమట్టలాగా ఉంటుంది. మధ్య ఈనె, దానికి అటూ ఇటూ దువ్వెన పళ్ళలాగా సన్నటి రెక్కలు. ఇది సుమారు పన్నెండు, పదమూడు కోట్ల సంవత్సరాల కిందటి మాట. ఇవాళ నూజివీడు పేరు చెబితే మామిడిపండు గుర్తుకు వస్తుంది. ఆనాడు మామిడి లేదు, వరి లేదు, మేతగడ్డి లేదు. పూలు పూసే మొక్కలే లోకంలో అప్పుడప్పుడే పుడుతున్నాయి.

రాఘవాపురం షేళ్ళ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. అక్కడ ఆకుల అచ్చులతో పాటు అమ్మోనైట్లు అనే సముద్రజీవుల గుల్లలు కనిపిస్తాయి. పొట్టేలు కొమ్ములాగా చుట్టలు చుట్టుకున్న గుల్లలవి. ఏటి ఒడ్డున ఉండే ఆకులు, సముద్రంలో ఉండే గుల్లలు ఒకే చోట ఎలా చేరాయి? ఏళ్ళు పారిన నేలమీదికి సముద్రం వచ్చింది గనక! అంతకు ముందు మన తూర్పుతీరం అంటార్కిటికాకు అతుక్కుని ఉండేది. తరవాత ఆ రెండూ విడిపోయి, మధ్యలోకి నీరు చేరింది. ఈనాటి బంగాళాఖాతం పుట్టుక అది.

ఈ పొరలు మెట్టలోనే ఆగిపోలేదు. సముద్రం వైపు వంగి, పొలాల కిందుగా డెల్టా అడుక్కు వెళ్ళాయి. కృష్ణా గోదావరి డెల్టాల కింద పొరలన్నీ కలిపి సుమారు అయిదు కిలోమీటర్ల మందం ఉంటుందని అంచనా. పొరల బరువుతోనూ, లోపలి కదలికలతోనూ నేల కుంగుతూ ఉంటే, కుంగిన చోట మళ్ళీ మట్టి నిండుతూ వచ్చింది. కైకలూరు, లింగాల ప్రాంతాలలో చమురు కోసం, గ్యాసు కోసం బావులు తవ్వే ఇంజనీర్లు రాఘవాపురం షేల్ పేరు రోజూ తలచుకుంటారు. ఆనాటి సముద్రపు బురదలో కూరుకుపోయిన సన్నజీవులే మగ్గి మగ్గి చమురూ, గ్యాసూ అయ్యాయి. ఒక పల్లెటూరి పేరుకు ఎంత గౌరవమో చూడండి!

సరే, ఆకులు దొరికాయి, గుల్లలు దొరికాయి. మరి రాక్షసిబల్లుల ఎముకలో? వాటికోసం ఇంకా పాతపొరల దగ్గరికి వెళ్ళాలి. గొల్లపల్లి నుంచి వాయవ్యంగా గోదావరిని పట్టుకుని ఎగువకు పోతే, కొత్తగూడెం, మంచిర్యాల, ఆసిఫాబాదుల మీదుగా రాళ్ళ పట్టీ ఒకటి వందల కిలోమీటర్లు సాగుతుంది. అక్కడ ఒకప్పుడు నేల పొడుగ్గా తొట్టెలాగా కుంగింది. నదులు కోట్ల సంవత్సరాలపాటు ఆ తొట్టెను నింపాయి. దీన్ని ప్రాణహిత–గోదావరి లోయ అంటారు. ఇవి గోండ్వానా రాళ్ళు. గోండుల దేశం గోండ్వానా. ఆ పేరే ఈ రాళ్ళకు పెట్టారు. తరవాత ఇండియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి ఉన్న ఆనాటి మహాఖండానికి కూడా అదే పేరు నిలిచింది. మన గోండుల పేరు ఇవాళ ప్రపంచంలోని ప్రతి భూగర్భశాస్త్ర పుస్తకంలోనూ ఉన్నది.

ఈ తొట్టె అడుగుపొరల్లో బొగ్గు ఉన్నది. కొత్తగూడెంలో సింగరేణివారు తవ్వేది ఆ బొగ్గే. ఇరవై అయిదు కోట్ల సంవత్సరాలకు పూర్వపు అడవులు నీటిలో మునిగి, బురద కింద అణిగి అలా అయ్యాయి. దానికి పైన మలేరి అనే ఊరి పేరు గల ఎర్రమట్టి పొరలు ఉన్నాయి. అక్కడ మొసలిని పోలిన పారాసూకస్ అనే జంతువు అస్థిపంజరాలు రెండు దొరికాయి. వాటి కడుపులు ఉండే చోట బల్లిలాంటి వేరొక జంతువు ఎముకలు బయటపడ్డాయి. అది అవి తిన్న చివరి భోజనం! అరగకముందే అవి చచ్చిపోయాయి. మట్టి వాటిని కప్పేసింది. ఇరవై కోట్ల సంవత్సరాలకు పైబడినా ఆనాటి భోజనం ఏమిటో మనకు తెలిసింది.

ఇంకా పైపొరలకు కోట అని పేరు. ప్రాణహిత ఒడ్డున, సిరొంచకు దగ్గర ఉన్న ఒక ఊరు అది. సిరొంచ మహారాష్ట్రలో ఉన్నా అక్కడ తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. కోట పొరల్లో సున్నపురాయి పలచని రేకులుగా ఉంటుంది. ఆ రేకుల మధ్య చేపలు పొలుసులతో సహా చెక్కుచెదరకుండా ఉన్నాయి. 1851 నాటికే ఆ చేపల సంగతి ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులకు తెలిసింది. అలలు లేని నిలవనీటిలో తప్ప అంత పలచని పొరలు ఏర్పడవు. కాబట్టి అక్కడ ఒక మంచినీటి సరస్సు ఉండేదని గ్రహించారు. మన కొల్లేరును తలచుకుంటే ఆ సరస్సు మీ కళ్ళకు కడుతుంది.

ఆ పొరల్లోనే రాక్షసిబల్లి దొరికింది. కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు, లండన్ నుంచి పామెలా రాబిన్సన్ అనే శాస్త్రజ్ఞురాలిని పిలిపించి, ఈ లోయలో శిలాజాల వేట సాగించారు. 1958లో మొదటి ఎముకలు కనిపించాయి. 1960, 1961 సంవత్సరాలలో చాలా భాగం తవ్వి తీశారు. సుమారు 300 ఎముకలు! అవి కనీసం ఆరు జంతువులవి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్ల పొడుగు. మీ నాన్నగారి పక్కన నిలబెడితే ఇంచుమించు ఆయనంత ఉంటుంది. జంతువు మొత్తం సుమారు 14 మీటర్లు. ఆర్టీసీ బస్సుకన్న పొడుగు. 1961 రవీంద్రనాథ ఠాగూరు శతజయంతి సంవత్సరం కావడంచేత, 1975లో దీనికి పేరు పెట్టినప్పుడు "బారాపాసారస్ టాగోరై" అన్నారు. బెంగాలీలో "బారా పా" అంటే పెద్ద కాలు.

ఆ ఎముకలతో పాటు పెద్ద పెద్ద చెట్ల మానులు కూడా పడి ఉన్నాయి. ఏదో ఒక ఉపద్రవంలో ఆ మంద అంతా చచ్చిందనీ, వరద వాటినీ చెట్లనూ కలిపి కొట్టుకొచ్చి ఒకచోట పడేసిందనీ శాస్త్రజ్ఞులు ఊహించారు. వరద తరవాత మన ఏటిగట్ల మీద చెట్లూ, గడ్డివాములూ, పశువులూ కలిసి పోగుపడటం చూసినవారికి ఇది వింతగా తోచదు.

అక్కడికి ఉత్తరంగా 40 కిలోమీటర్ల దూరంలో యామనపల్లి దగ్గర 1970ల చివర భారత భూగర్భ పరిశోధన సంస్థవారికి ఇంకొక గని దొరికింది. ఒకే చోట 840 ఎముకలు! 1988లో పి. యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు వాటిని వర్ణించి, ఈ రాక్షసిబల్లికి "కోటసారస్ యామనపల్లియెన్సిస్" అని పేరు పెట్టాడు. రెండు ఊళ్ళ పేర్లు ఒక జంతువుకు! హైదరాబాదులో బిర్లా సైన్సు మ్యూజియానికి వెళ్ళినవాళ్ళు దాని అస్థిపంజరం చూడవచ్చు. బారాపాసారస్ కలకత్తాలో ఆ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబడి ఉన్నది.

ఈ రెండు జంతువులకూ తల దొరకలేదు. కొన్ని పళ్ళు మాత్రమే దొరికాయి. వాటి తల చిన్నది, ఎముకలు పలచన. ఏటి వేగానికి ముందుగా ఊడిపోయేది అదే. కాబట్టి మీరు చూసే తల, అటువంటి ఇతర జంతువులను బట్టి ఊహించి చేసినది. ఏనాడో ఒక వాననాడు మట్టి కప్పని ఆ తల, మనకు ఎన్నటికీ తెలియకుండా పోవచ్చు. లేదా ఇంకా ఏ చరియలోనో ఉండి ఉండవచ్చు. దాన్ని చూసే అదృష్టం మీలో ఎవరికైనా పట్టకూడదని ఏమున్నది?

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. శిలాజం విలువ దాని రాతిలో సగం, అది ఉన్న చోటులో సగం. ఏ పొరలో ఉన్నది, దాని పక్కన ఏమున్నది, ఎటు తిరిగి ఉన్నది అన్నదాన్ని బట్టే ఈ కథ అంతా తెలిసింది. చెట్ల మానులను వదిలేసి ఒక్క ఎముకను పట్టుకుపోయి ఉంటే, వరద సంగతి మనకు తెలిసేది కాదు. అందుచేత మెట్టసీమలో గాని, గోదావరి లోయలో గాని రాతిమీద ఆకు అచ్చో, గుల్లో, ఎముకలాంటిదో కనిపిస్తే దాన్ని ఊడదీయకండి. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయించండి. ఊరి పేరూ, చోటూ, తేదీ రాసుకోండి. మీ సైన్సు మాస్టారికి చూపించండి. భారత భూగర్భ పరిశోధన సంస్థకు హైదరాబాదులో పెద్ద కార్యాలయం ఉన్నది. ఆయన చేత అక్కడికి ఉత్తరం రాయించండి. రోడ్డు కంకర కోసం కొట్టిన రాయి మళ్ళీ అతకదు. పేజీ చింపిన తరవాత పుస్తకం చదవలేము.

పెద్దవాళ్ళు కూడా ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉన్నది. నదులు పొరలు పరిచే పని పూర్వం ఎప్పుడో జరిగిపోయి ఆగినది కాదు. కృష్ణ ఇవాళ కూడా హంసలదీవి దాకా ఆ పనే చేస్తున్నది. కొల్లేటి అడుగున ఈ ఏడాది చచ్చిన చేపమీద ఈ ఏడాది బురద పడుతూనే ఉన్నది. కాని నదిమీద శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి పెద్ద జలాశయాలు కట్టాక, వచ్చే ఒండ్రులో చాలా భాగం వాటి అడుగునే దిగిపోతున్నది. మీ గ్లాసులో మట్టి దిగినట్టే. డెల్టాకు వచ్చే మట్టి బాగా తగ్గిపోయింది. డెల్టా నేల తన బరువుకు తాను కొద్దికొద్దిగా కుంగుతూనే ఉంటుంది. కొత్త ఒండ్రు పడితే ఆ లోటు తీరుతుంది. పడకపోతే సముద్రం ముందుకు వస్తుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట తీరం అక్కడక్కడ కోసుకుపోతున్నది. ఆనకట్టలు వద్దని కాదు. మన పొలాలకు నీరు, ఇళ్ళకు దీపం వాటివల్లనే. నీటితో పాటు మట్టిని కూడా కిందికి సాగనంపే ఉపాయం కనిపెట్టాలి. అది రేపటి ఇంజనీర్ల పని, అంటే మీ పని.

గొల్లపల్లి ఆకునూ, కోట చేపనూ, యామనపల్లి ఎముకనూ మన దాకా చేర్చినది బురదే. డెల్టాలో మన కాళ్ళ కింద ఉన్నదీ అదే. ఆ నేలమీద పండిన అన్నమే మీరు రోజూ తింటున్నారు.